మైనస్ ఏడు పాయింట్ల జట్టు

స్కాట్లాండ్‌లో జరిగే హైలాండ్ ఫుట్‌బాల్ లీగు 2018-19 పాయింట్ల పట్టికను నేను ఎప్పుడూ కింది నుంచే చదువుతాను. 18 జట్లలో అన్నిటికన్నా కింద ఫోర్ట్ విలియం ఉంటుంది. ఆడినవి 34, గెలిచినవి సున్నా, డ్రా అయినవి 2, ఓడినవి 32. ప్రత్యర్థులకు సమర్పించుకున్న గోల్స్ 245. పాయింట్లు మైనస్ 7. ఎంట్రన్స్ పరీక్షల్లో మైనస్ మార్కులు తెచ్చుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు గానీ, ఏడాదంతా వానలో పరుగెత్తి సున్నా కన్నా కిందికి దిగిన జట్టు అంతకుముందు నాకు తారసపడలేదు. ఆ సీజన్‌లో నేను ఆ ఊళ్లోనే ఉన్నాను. ఆ 245లో చాలావాటిని గోల్‌పోస్టు వెనక కమ్మీకి ఆనుకుని నిలబడి చూశాను.

మాది భీమవరం పక్కన పల్లె. ఇంటి చుట్టూ చెరువులే. బొచ్చెలు, శీలావతులు పెంచిన చెరువుల్లోనే తరువాత రొయ్యలు వేశారు. నేను మత్స్యశాస్త్రం చదివి, పై చదువుకు స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాను. చేపల పెంపకం మీద పరిశోధనకు ఆ విశ్వవిద్యాలయం పెట్టింది పేరు. మన గోదావరి జిల్లాలంటే అక్కడి ఆచార్యులకు తెలుసు. చదువయ్యాక పశ్చిమ తీరంలో సాల్మన్ చేపలు పెంచే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. కొండల మధ్యకు చొచ్చుకు వచ్చిన సముద్రపు పాయల్లో గుండ్రటి వల పంజరాలు కట్టి, వాటిలో చేపలను పెంచుతారు. చేపలకు పట్టిన పేలను లెక్కపెట్టి, లెక్కను రాసిపెట్టడం నా పనిలో పెద్ద భాగం. చేప పేను మన చెరువుల్లోనూ ఉంటుంది. కానీ చలికాలంలో ఊగే పడవ మీద, చేతికి స్పర్శ లేకుండా పోయాక, మత్తిచ్చిన సాల్మన్‌ను తిరగేసి పేలు లెక్కపెట్టే వైభోగం మనవాళ్లకు లేదు.

ఫోర్ట్ విలియం జనాభా సుమారు పదివేలు. బ్రిటన్‌లో కెల్లా ఎత్తయిన కొండ బెన్ నెవిస్, 1,345 మీటర్లు, ఊరికి ఆనుకునే ఉంటుంది. ఆనుకుని ఉంటుందని మ్యాపు చూసి తెలుసుకోవాలి, ఎందుకంటే ఏడాదిలో ఎక్కువ రోజులు దాని తల మబ్బులో ఉంటుంది. బ్రిటన్‌లో బాగా తడిసే ఊళ్లలో ఇదొకటి. వేసవిలో కొండెక్కేవాళ్లు, గ్లాస్గో దగ్గర బయలుదేరి 154 కిలోమీటర్ల కాలిబాట నడిచి వచ్చేవాళ్లు, ఆవిరి ఇంజను రైలెక్కి మలేగ్ దాకా వెళ్లేవాళ్లు వీధుల నిండా కనిపిస్తారు. చలికాలంలో ఊరు ఊరివాళ్లకు మిగులుతుంది. 1929 నుంచి నడుస్తున్న అల్యూమినియం కర్మాగారం, దానికి కరెంటు ఇవ్వడానికి కొండ కడుపులోంచి సొరంగం తవ్వి తెచ్చిన నీళ్లు, ఆ నీళ్లను కిందికి దింపే లావుపాటి గొట్టాలు, హోటళ్లు, మా చేపలు. ఊరివాళ్ల బతుకుతెరువులో చాలా భాగం ఇదే.

మా పడవ నడిపే పెద్దాయన ఆ ఊళ్లోనే పుట్టి పెరిగిన మనిషి. మాట తక్కువ, మాట్లాడినప్పుడు ముఖంలో ఏ కదలికా ఉండదు కాబట్టి వేళాకోళమో కాదో తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది. 2018 వేసవి చివర ఒకనాడు పంజరాల నుంచి తిరిగి వస్తూ, శనివారం మధ్యాహ్నం ఏమైనా పని ఉందా అని అడిగాడు. లేదన్నాను. "అయితే మా జట్టును చూద్దువు గానీ రా. గంటన్నరే, తొందరగానే అయిపోతుంది" అన్నాడు. తొందరగా అవుతుందన్నది వేళాకోళం.

క్లాగన్ పార్కు ఊరి చివర, నెవిస్ నది పక్కన ఉంటుంది. ఒక చిన్న స్టాండు, మైదానం చుట్టూ కమ్మీ, వెనక కొండ. యూరప్‌లో ఇంత అందమైన ఫుట్‌బాల్ మైదానాలు చాలా తక్కువని అక్కడికి వచ్చిన ప్రతి పాత్రికేయుడూ రాశాడు. నిజమే. ఆ అందానికి అయ్యే ఖర్చు గురించి మాత్రం వాళ్లు రాయలేదు. కొండ మీద పడిన వాన అంతా అటే దిగి వస్తుంది. రాత్రిపూట ఎర్ర జింకలు మైదానంలోకి వచ్చి మేసి, పెంటికలు వేసి పోతాయి. శనివారం ఉదయం ఎవరో ఒకరు పార పట్టుకుని వాటిని ఎత్తిపోయాలి. వానలు లేని నాలుగు రోజులు కలిసి వస్తే మిడ్జీలు దిగుతాయి. కంటికి ఆననంత చిన్న దోమలు, మబ్బులా కమ్ముకుని, చెవుల్లో జుట్టులో దూరి కుడతాయి. ఆగస్టులో అక్కడ కార్నర్ కిక్ తీసుకునే ఆటగాడు ఒక చేత్తో మెడ గోక్కుంటూ పరుగు మొదలుపెట్టడం చూశాను. సెప్టెంబర్ మొదటి శనివారం ఫుట్‌బాల్ ఉండదు. ఆ రోజు బెన్ నెవిస్ పరుగు పందెం. వందల మంది అదే మైదానం నుంచి బయలుదేరి, కొండ కొస దాకా పరుగెత్తి, మళ్లీ అదే మైదానానికి దిగి వస్తారు. ఆ ఊరివాళ్లను అడిగితే క్లాగన్ పార్కులో గెలుపు చూడాలంటే ఆ రోజే రావాలని చెప్పేవారు.

మా నాన్నగారికి ఫుట్‌బాల్ తెలియదు. ఆదివారం ఉదయం నేను ఫోను చేసినప్పుడు ఏం చేస్తున్నావని అడిగితే నిన్న మ్యాచ్‌కు వెళ్లానని చెప్పాను. ఎవరు గెలిచారన్నారు. మావాళ్లు ఓడారన్నాను. మావాళ్లు అనే మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఎంత తేడాతో అన్నారు. చెప్పాను. కాసేపు అవతల నుంచి మాట లేదు. "అది ఫుట్‌బాలా, క్రికెట్టా?" అన్నారు. ఆ తరువాత వారం ఆయనే ముందుగా అడిగారు, "ఏరా, ఈ వారం ఎన్ని?" అని. అక్కడి నుంచి అది మా ఇద్దరికీ ఆదివారం పని అయింది. సగటున మ్యాచ్‌కు ఏడు గోల్స్ పైనే పడ్డ సీజన్ కాబట్టి మాకు మాటల కరువు రాలేదు. మూడో నాలుగో పడిన వారం నాన్నగారు "మెరుగుపడ్డారే" అనేవారు.

హైలాండ్ లీగు 1893లో మొదలైంది. నేను అక్కడ ఉన్నప్పుడు స్కాట్లాండ్ ఫుట్‌బాల్‌లో అది అయిదో మెట్టు. పైన నాలుగు జాతీయ డివిజన్లు, వాటి కింద ఉత్తరాన హైలాండ్ లీగు, దక్షిణాన లోలాండ్ లీగు. పేరులో హైలాండ్ ఉంది కదా అని అన్నీ కొండ ఊళ్ల జట్లు అనుకోకూడదు. చాలా జట్లు తూర్పు తీరానివి. బకీ, లాసీమౌత్, ఫ్రేజర్‌బరో చేపల రేవులు. కీత్, రోథెస్ విస్కీ ఊళ్లు. ఇన్వరూరీ లోకోస్ అంటే రైలింజన్ల కార్ఖానా కార్మికులు పెట్టుకున్న జట్టు. బ్రోరా చిన్న పల్లె, పన్నెండు పదమూడు వందల జనాభా, అయినా 2014లో, 2015లో వరసగా లీగు గెలిచింది. పడమటి తీరం నుంచి అప్పట్లో ఉన్నది ఫోర్ట్ విలియం ఒక్కటే. 1985లో లీగులో చేరినప్పటి నుంచీ దాని తిప్పలకు సగం కారణం రోడ్డు.

బయటి మ్యాచ్ అంటే ముందు లోక్ నెస్ సరస్సు ఒడ్డున మెలికలు తిరిగే రోడ్డు మీద వంద కిలోమీటర్లకు పైగా వెళ్లి ఇన్వర్నెస్ చేరాలి. చాలా ప్రయాణాలకు అది సగం దారి మాత్రమే. ఉత్తరాన వికు ఊరు ఒకవైపుకే సుమారు 270 కిలోమీటర్లు. పొద్దున్నే బస్సెక్కి, నాలుగు గంటలు కూర్చుని, కాళ్లు పట్టేసిన స్థితిలో మైదానంలోకి దిగి, వరసగా గోల్స్ తిని, మళ్లీ చీకట్లో నాలుగు గంటలు. సోమవారం ఉద్యోగం. ఎవరూ పూర్తికాల ఆటగాళ్లు కారు. వడ్రంగులు, విద్యార్థులు, హోటళ్లలో పనిచేసేవాళ్లు. కొందరు ఇన్వర్నెస్ నుంచి వచ్చి ఆడేవారు, అంటే వాళ్లకు సొంత మైదానంలో మ్యాచ్ కూడా ప్రయాణమే.

నేను పెద్దాయన కారులో ఫ్రేజర్‌బరో వెళ్లాను. ఆటకన్నా రేవు చూడాలన్న ఆశతో వెళ్లానని చెప్పాలి. రొయ్య జాతులకు యూరప్‌లో పేరున్న రేవుల్లో అది ఒకటి. గాలి ఎలా ఉందంటే కారు తలుపు తీయడానికి ఇద్దరం కావాల్సి వచ్చింది. పడవలు, వలలు, ఇంజను నూనె వాసన, చేప వాసన. నాకు కడుపు నిండినట్టయింది. బాతంత సీగల్ పక్షులు మనిషి చేతిలో చిప్స్ పొట్లం ఉంటే మనిషినీ లెక్కచేయవు. బెల్‌స్లీ పార్కులో మా పక్కన నిలబడ్డ ఒక ముసలాయన, ఊరి మనిషి, మా మాట విని ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఫోర్ట్ విలియం అన్నాం. ఆయన మైదానం వైపు చూసి, గోలు లెక్క చూపే బోర్డు వైపు చూసి, "ఎందుకు?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. మా పెద్దాయన కాస్త ఆలోచించి, "ఇంట్లో ఉంటే మా ఆవిడ గోడకు రంగు వేయమంటుంది" అని జవాబిచ్చాడు. ఫ్రేజర్‌బరో ముసలాయనకు అది సరైన కారణంగానే తోచింది. విరామంలో మా ఇద్దరికీ టీ కొనిచ్చాడు.

తినే విషయానికి వస్తే, ఈ మైదానాలన్నిటా ఒకటే భోజనం. మాంసం కూరిన గుండ్రటి పై, పక్కన టీ లేదా బోవ్రిల్. బోవ్రిల్ అంటే ఎద్దు మాంసపు సారాన్ని వేడినీళ్లలో కలిపిన కషాయం. నేను టీతోనే సరిపెట్టుకున్నాను. చలికాలంలో మా అమ్మ పంపిన ఆవకాయ చిన్న డబ్బాలో పెట్టుకుని వెళ్లి పై మీద రాసుకుని తినడం మొదలుపెట్టాను. పెద్దాయన ఒకసారి రుచి చూసి, నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, మన గోల్‌కీపర్‌కు కూడా కాస్త పెట్టు, నిద్ర వదులుతుంది అన్నాడు.

ఆ మాట అన్యాయం. గోల్‌కీపర్ ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ కష్టపడిన మనిషి. ఏడెనిమిది గోల్స్ పడిన రోజున కూడా ఇంకో పదింటిని ఆపిన సందర్భాలు ఉన్నాయి. పట్టికలో ఆపినవాటికి గడి లేదు. అలాంటి రోజుల్లో గోలు వెనక నిలబడి చూస్తే ఆట స్వరూపమే వేరు. బంతి ఎప్పుడూ మన వైపే ఉంటుంది. నలుగురు వెనక వరుస ఆటగాళ్లు ఒకరినొకరు అరిచి పిలుచుకోవడం, బురద చప్పుడు, రిఫరీ ఊపిరి, అన్నీ వినిపిస్తాయి. మొదటి గోలుకు తలలు వంచుతారు. అయిదో గోలు దగ్గర తలలు పైకి లేస్తాయి, ఎందుకంటే అక్కడి నుంచి లెక్క మీద భయం పోతుంది. కుర్రాళ్లు పాసులు ధైర్యంగా వేయడం అప్పుడే చూసేవాణ్ని. ఒక్క కార్నర్ కిక్ సంపాదిస్తే స్టాండులో ఉన్న కొద్దిమందీ పండగ చేసేవారు. గోలు కొడితే చెప్పనే అక్కర్లేదు. ఎదుటి జట్టు తరఫున వచ్చినవాళ్లు కూడా చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు మా పెద్దాయనకు నచ్చేవి కావు. "మనకు చప్పట్లు కొట్టడం మానేసిన రోజున మనం బాగుపడ్డట్టు" అనేవాడు.

ఆ ఊరి కుర్రాళ్లు ఆటలో వెనకబడ్డవాళ్లు కారు, ఇది గట్టిగా చెప్పాలి. అక్కడి అసలు ఆట షింటీ. వంపు తిరిగిన కర్రతో, చిన్న గట్టి బంతితో ఆడతారు. హాకీలా ఉంటుంది గానీ బంతిని గాలిలో కూడా బాదవచ్చు, హెల్మెట్ లేనివాడి పళ్లకు హామీ లేదు. ఒకే ఊరి చుట్టుపక్కల ఫోర్ట్ విలియం, కిల్మాలీ అని పేరున్న రెండు షింటీ జట్లు. చురుకైన పిల్లవాడి చేతికి తాత కర్ర ఇచ్చేస్తాడు. ఆ తరువాత కొండలెక్కడం, మంచు మీద జారడం, కొండ సైకిళ్లు. వీటన్నిటి తరువాత మిగిలిన పిల్లల్లోంచి ఫుట్‌బాల్‌కు పదకొండు మందిని ఏరాలి. వాళ్లలో బాగా ఆడేవాడిని ఇన్వర్నెస్ క్లబ్బులు తీసుకుపోతాయి. ఓటమికి గుండె ధైర్యం తక్కువని బయటివాళ్లు రాశారు గానీ, నాకు కనిపించింది జనాభా లెక్క.

అసలు ఆ సీజన్ ఉంటుందో లేదో కూడా అనుమానంగా మొదలైందట. అంతకుముందు ఏడాది కూడా ఒక్క గెలుపు లేదు. క్లబ్బును నడిపిన ఆరుగురు డైరెక్టర్లు 2018 సీజన్ ముగిశాక తప్పుకుంటామని ప్రకటించారు. ఎవరూ ముందుకు రాకపోతే లీగు నుంచి వైదొలగాల్సిందే. చివరికి ఊరివాళ్లే కొందరు వచ్చి పగ్గాలు పట్టుకున్నారు. నేను వెళ్లేసరికి గేటు దగ్గర టికెట్ చింపే మనిషే విరామంలో టీ పోసేవాడు, మ్యాచ్ అయ్యాక వలలు విప్పేవాడు. వలలు విప్పడం నాకు వచ్చిన విద్య కాబట్టి నేనూ చెయ్యి వేశాను. ముడి వేసే పద్ధతిలో భీమవరానికీ స్కాట్లాండ్‌కూ తేడా లేదు.

ఆ సీజన్‌లో రెండు మ్యాచ్‌లు డ్రా అయ్యాయని చెప్పాను కదా. ఆ రెండిటికీ నేను లేను. రెండుసార్లూ పంజరాల దగ్గర డ్యూటీ. రెండోదాని తరువాత పెద్దాయన నాతో, నీకు శనివారం డ్యూటీ వేయమని మేనేజర్‌కు ఉత్తరం రాస్తాను అన్నాడు. నాన్నగారికి చెబితే ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, దిష్టి తీయించమన్నారు. ఎవరికి, నాకా జట్టుకా అని అడిగితే, "నీకే. జట్టుకు దిష్టి తగిలేంత ఏముంది?" అన్నారు.

అలా సంపాదించిన రెండు పాయింట్లు కూడా నిలవలేదు. అర్హత లేని ఆటగాణ్ని ఆడించారన్న కారణంతో లీగు తొమ్మిది పాయింట్లు కోసేసింది. రెండులోంచి తొమ్మిది తీస్తే మైనస్ ఏడు. నిబంధన నిబంధనే, కాదనను. కానీ ఆటగాళ్ల కాగితాలు చూసేది కూడా టీ పోసే చేతులే అయిన చోట అలాంటివి జరుగుతాయి. ఆ నిబంధన ఉన్నది గెలుపును దొంగిలించకుండా ఆపడానికి. ఇక్కడ దొంగిలించింది ఏదీ లేదు, ఆ మ్యాచ్‌లు ఓడినవే. ఈ సంగతి విన్న ఆదివారం నాన్నగారు చాలాసేపు లెక్క వేశారు. "ఒరేయ్, అసలు ఆడకుండా ఇంట్లో కూర్చుంటే సున్నా ఉండేది కదా. ఇంతా ఆడి మైనస్ ఏడు తెచ్చుకున్నారా?" అన్నారు. అవునన్నాను. కాస్త ఆగి ఆయనే, "మన చెరువూ అంతేలే" అన్నారు. ఆ ముందటేడు రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి పంట మొత్తం పోయింది. చెరువు ఎండబెట్టుకుని కూర్చుంటే నష్టం ఉండేది కాదు. మేత అప్పు, కరెంటు బిల్లు, పిల్ల ఖర్చు ఏదీ ఉండేది కాదు. అయినా నెల తిరక్కుండా సున్నం చల్లి, నీళ్లు పెట్టి, మళ్లీ పిల్ల వదిలారు. అప్పుడు ఊళ్లో ఎవరూ ఆయన్ని ఎందుకని అడగలేదు. చెరువున్నవాడు ఇంకేం చేస్తాడు?

మైనస్ పాయింట్ల వార్త పాకేసరికి బయటి ప్రపంచం వచ్చి పడింది. బ్రిటన్‌లో అతి చెత్త జట్టు అని పత్రికలు పేరు పెట్టాయి. గేలిక్ భాషా ఛానల్ బీబీసీ ఆల్బా డాక్యుమెంటరీలు తీసింది. మైదానాలు చూడటమే వ్యసనంగా ఉన్న మనుషులు ఇంగ్లండ్ నుంచీ ఇతర దేశాల నుంచీ వచ్చి, కొండతో కలిపి ఫొటోలు దిగి, కండువాలు కొనుక్కుని పోయారు. కండువాల డబ్బు క్లబ్బుకు పనికొచ్చింది. ఆ బిరుదు మాత్రం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. లెక్క ప్రకారమే తప్పది. అయిదో మెట్టు లీగులో ఆడే జట్టు కింద ఇంకా ఎన్ని వందల జట్లు ఉంటాయి! ప్రతి ఊళ్లో ఆదివారం పార్కులో పొట్టలు వేసుకుని ఆడేవాళ్లు ఉంటారు. వాళ్లెవరూ ఫోర్ట్ విలియంను ఓడించలేరు. ఫోర్ట్ విలియం చేసిన తప్పల్లా తనకన్నా రెండు మెట్లు పైనున్న జట్లతో ఒకే పట్టికలో ఉండటం.

ఆ మాటకు రుజువు పట్టిక పై వరుసలోనే ఉంది. ఆ ఏడాది విజేత కోవ్ రేంజర్స్. అబర్డీన్ నగరానికి దక్షిణాన కోవ్ బే వాళ్లది. చమురు నగరం పక్క క్లబ్బు, డబ్బున్న క్లబ్బు. పాత మైదానం అమ్మేశాక మూడేళ్లు ఇన్వరూరీలో తలదాచుకుని, 2018లోనే బాల్మోరల్ స్టేడియం అనే కొత్త ఇంటికి చేరారు. కృత్రిమ గడ్డి, జింకల బెడద లేదు. జాన్ షెరన్ వాళ్ల మేనేజర్, మిచ్ మెగిన్సన్ ముందు వరుసలో. వాళ్లు క్లాగన్ పార్కుకు వచ్చిన రోజు, ఆట మొదలుకాక ముందే తేడా తెలిసింది. వార్మప్‌లో వాళ్లు వేసుకున్న పాసుల చప్పుడే వేరు. బంతి ఒకే తీరుగా, ఒకే వేగంతో వెళ్లేది. మన కుర్రాళ్లు అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించడం నాకు కనిపించింది. ఆ రోజు లెక్క ఇక్కడ ఎందుకు.

కోవ్ కథ కూడా తేలికగా సాగింది కాదు. 2014-15 నుంచి హైలాండ్, లోలాండ్ విజేతలు ముందు తమలో తాము ఆడి, గెలిచినవారు జాతీయ లీగులో అట్టడుగు జట్టుతో తలపడే ఏర్పాటు వచ్చింది. తొలిసారి బ్రోరా మాంట్రోజ్‌తో చివరి దాకా పోరాడి ఓడింది. కోవ్ 2016లో ఎడిన్‌బరో సిటీ చేతిలో, 2018లో కౌడెన్‌బీత్ చేతిలో ఓడి ఇంటికి వచ్చింది. 2019 మే నెలలో మాత్రం ఈస్ట్ కిల్‌బ్రైడ్‌ను దాటి, రెండు మ్యాచ్‌లు కలిపి 7-0తో బెరిక్ రేంజర్స్‌ను చిత్తు చేసింది. ఆ దారిలో పైకి వెళ్లిన మొదటి హైలాండ్ లీగు జట్టు అదే. బెరిక్ ఊరు ఇంగ్లండ్‌లో ఉంటుంది, జట్టు స్కాట్లాండ్ లీగులో ఆడుతుంది. 1967లో గ్లాస్గో రేంజర్స్‌ను కప్పు నుంచి 1-0తో సాగనంపిన చరిత్ర వాళ్లది. అంత చరిత్ర ఉన్నవాళ్లను ఏడు గోల్స్‌తో కిందికి నెట్టిన జట్టుతో మనవాళ్లు ఆ ఏడాది తలపడ్డారు కదా అని నేనంటే, పెద్దాయన ముఖం కదలకుండా, "మనం వాళ్లకు మంచి ప్రాక్టీసు ఇచ్చాం" అన్నాడు.

హైలాండ్ లీగు నుంచి పైకి పోయే దారి అలా తెరుచుకుంది గానీ, కిందికి దిగే దారి అప్పటికి లేదు. అందుకే మైనస్ ఏడు వచ్చినా ఫోర్ట్ విలియం అక్కడే ఉంది. ఇది దయ అని కొందరు అనేవారు. నాకు శిక్షగానే కనిపించింది. ఇరవై ఏళ్ల కుర్రాడు తన ఈడు తన స్థాయి వాళ్లతో ఆడి, సగం గెలిచి సగం ఓడితే ఆట నేర్చుకుంటాడు. ప్రతి శనివారం గోలు వెనక నుంచి బంతి తెచ్చుకుంటూ ఉంటే సహనం ఒక్కటే నేర్చుకుంటాడు. తరువాత 2022లో కిందికి దిగే ఏర్పాటు వచ్చినప్పుడు ఫోర్ట్ విలియం నార్త్ కలెడోనియన్ లీగుకు వెళ్లింది, దాని చోట అబర్డీన్‌కు చెందిన బ్యాంక్స్ ఓ డీ వచ్చింది. అప్పటికి నేను ఆ ఊరు వదిలేశాను. పెద్దాయన సందేశం పంపాడు, దిగిపోయాం అని. బాధపడాలా వద్దా అని అడిగితే, వికు ప్రయాణం తప్పినందుకు ఆయన నడుము సంతోషంగా ఉందని రాశాడు.

కానీ అంతకన్నా ముందు 2019 వేసవి ఉంది. కొత్త సీజన్‌కు కొత్త మేనేజర్ వచ్చాడు, ఇన్వర్నెస్ వైపు నుంచి కొత్త కుర్రాళ్లు వచ్చారు. జూలై 31, బుధవారం సాయంత్రం నార్త్ ఆఫ్ స్కాట్లాండ్ కప్పులో నెయిర్న్ కౌంటీతో మ్యాచ్. నేను యథాప్రకారం డ్యూటీలో ఉన్నాను. జూలైలో అక్కడ రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది. పేలు లెక్కపెట్టి, చేపలను తిరిగి నీళ్లలో వదిలి, ఒడ్డుకు వచ్చి గ్లవ్స్ తీసేసరికి ఫోనులో పెద్దాయన నుంచి ఒకే ఒక్క వాక్యం ఉంది. 5-2, మనమే.

2017 ఏప్రిల్ తరువాత, 840 రోజులకు వచ్చిన గెలుపు అది. నేను ఫోను చేస్తే ఆయన ఎత్తలేదు. వెనక చప్పుళ్లలో వినపడి ఉండదు. పంజరాల దగ్గర నాతో ఉన్న పోలండ్ కుర్రాడికి చెబితే, అతను ఆ జట్టు ఇంకా ఉందా అన్నాడు. ఇంటికి వెళ్లి స్నానం చేసి, భారతదేశంలో తెల్లవారే దాకా మెలకువగా ఉండి, నాన్నగారికి ఫోను చేశాను. ఆదివారం కాని రోజున ఫోను వచ్చేసరికి ఆయన కంగారుపడ్డారు. కంగారు లేదు, నిన్న రాత్రి మ్యాచ్ అయిందన్నాను.

"ఎన్నిరా?"

"అయిదు, రెండు."

"పోనీలే, బాగా తగ్గించారు. పైగా రెండు కొట్టారు కూడా. ఇట్లాగే ఉంటే వచ్చే ఏడాదికి దారిలో పడతారు."

"కాదు నాన్నగారూ. అయిదు మనవి."

చెరువు గట్టు మీద ఉన్నట్టున్నారు, వెనక ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరినో కేకేసి మోటారు ఆపమన్నారు. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.

"అయిదు కొట్టగలిగినవాళ్లు ఇన్నాళ్లూ ఏం చేస్తున్నట్టు?" అన్నారు. తరువాత, కాస్త కోపంగానే, ఆ రెండు ఎలా పడ్డాయో చెప్పమని కూర్చున్నారు.